ఆ నొప్పి పొట్టదా, గుండెదా?

రాయలసీమ వాళ్ళను "ఎర్రగడ్డ అంటే ఏమిటి?" అని అడిగి చూడండి. వంటింట్లోకి వెళ్ళి ఒక ఉల్లిపాయ తెచ్చి చూపిస్తారు. అదే ప్రశ్న హైదరాబాదులో అడిగితే సనత్‌నగర్ పక్కనున్న ఒక పేటకు దారి చెబుతారు. మా బడి ఆ పేటలోదే. మానసిక చికిత్సాలయం ఇక్కడ ఉన్నందువల్ల సినిమాల్లో హాస్యగాళ్ళు "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అంటారు, హాలంతా నవ్వుతుంది. జబ్బుపడిన వాళ్ళను చూసి నవ్వడం నాకు ఏనాడూ నచ్చలేదు. సరే, అది వేరే సంగతి. ఈ వ్యాసంలో పేట ఎర్రగడ్డా వస్తుంది, ఉల్లి ఎర్రగడ్డా వస్తుంది. రెండోది అమెరికా దాకా పోయి వస్తుంది కూడా.

ఒకరోజు పదవ తరగతిలో జీర్ణవ్యవస్థ పాఠం చెబుతున్నాను. వెనుక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది.

"సార్, రాత్రి మా నాయనమ్మకు గ్యాసు గుండెకు ఎక్కింది. గ్యాసు గుండెలోకి ఎట్ల పోతది సార్?"

'గ్యాసు' అన్న మాట వినగానే తరగతి గొల్లుమంది. మీరూ నవ్వుకుంటున్నారేమో. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో తర్వాత చెబుతాను. "నాయనమ్మను డాక్టరుకు చూపించారా?" అని అడిగాను. "లేదు సార్, సోడా తాగింది, త్రేన్పు వచ్చింది, పడుకుంది" అన్నది. అన్నం బెల్లు కొట్టగానే వాళ్ళ నాన్నగారికి ఫోను చేసి, ఆమెకు ఆ పూటే ఇ.సి.జి. తీయించమని చెప్పాను.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. గ్యాసు గుండెకు ఎక్కుతుందా? దానికి ముందు ఆ గ్యాసు ఎక్కడ పుడుతుందో తెలియాలి.

మన పొట్టలోని వాయువులో కొంత బయటి గాలే. అన్నం గబగబా మింగినప్పుడు, తింటూ కబుర్లు చెప్పినప్పుడు, చూయింగ్ గమ్ నమిలినప్పుడు ప్రతి గుటకతోనూ కాస్త గాలి లోపలికి పోతుంది. దానిలో చాలాభాగం త్రేన్పుగా తిరిగి వచ్చేస్తుంది. రెండవది బొగ్గుపులుసు వాయువు. దీన్ని మీరు పుస్తకాల్లో కార్బన్ డై ఆక్సైడ్ అని చదువుకుంటున్నారు. గోలీసోడా తాగితే, సీసాలో ఒత్తిడితో కరిగించి ఉంచిన ఈ వాయువు పొట్టలో విడుదల అవుతుంది. వంటసోడా గాని, ఫ్రూట్‌సాల్టు పొడి గాని నీళ్ళలో కలిపి తాగినా పుట్టేది ఇదే వాయువు. జీర్ణాశయంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సోడియం బైకార్బొనేట్ కలిసి ఉప్పుగా, నీరుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది.

దీన్ని మీరు బడిలోనే చేసి చూడవచ్చు. ఒక ఖాళీ సీసాలో అరకప్పు వినిగర్ పోయండి. ఒక బెలూన్‌లో చెంచాడు వంటసోడా వేసి, దాని మూతిని సీసా మూతికి తొడగండి. ఇప్పుడు బెలూన్‌ను పైకెత్తి సోడాను సీసాలోకి దులపండి. బుసబుసా నురగ వచ్చి బెలూన్ ఉబ్బుతుంది. ఎంత వాయువు వస్తుందో లెక్క వేద్దామా? 84 గ్రాముల వంటసోడా నుంచి 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. గది ఉష్ణోగ్రత వద్ద దాని ఘనపరిమాణం 24 లీటర్లకు పైనే. చెంచాడు సోడా సుమారు 5 గ్రాములు అనుకుంటే, మొత్తం చర్య జరిగితే దాదాపు లీటరున్నర వాయువు! కడుపులో అంత సోడాకు సరిపడే ఆమ్లం ఉండదు కనుక అక్కడ తక్కువే పుడుతుంది. అయినా బ్రేవుమని త్రేన్చడానికి అది చాలు.

ఈ ప్రయోగంలో ఒక తమాషా ఉంది. సోడా తాగిన మనిషి పెద్దగా త్రేన్చి, "హమ్మయ్య, లోపలున్న గ్యాసు పోయింది" అంటాడు. పోయింది అతని జబ్బు తాలూకు గ్యాసు కాదు, ఇప్పుడే తాగిన సోడా తాలూకు గ్యాసు! ఈ మాట గుర్తు పెట్టుకోండి. ముందు ముందు దీనితో పని ఉంది.

మూడవది అసలైన కార్ఖానా. అది పెద్దప్రేగు. మనం తిన్న గంజి పదార్థాలను, చక్కెరలను, మాంసకృత్తులను, కొవ్వులను చిన్నప్రేగులోని ఎంజైములు ముక్కలు చేస్తాయి. కాని కొన్ని చక్కెరలను కోసే కత్తెర మన దగ్గర లేదు. శనగలు, అలసందలు, మినుములు, చిక్కుడు గింజలు, వీటన్నింటిలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉన్నాయి. వాటిని విడగొట్టే ఎంజైమును మన చిన్నప్రేగు తయారు చేయదు. ఉల్లిలో, వెల్లుల్లిలో, గోధుమలో ఉండే ఫ్రక్టాన్ అనే పదార్థం సంగతీ అంతే. ఇవి ఆరు మీటర్ల చిన్నప్రేగును చెక్కుచెదరకుండా దాటుకొని పెద్దప్రేగుకు చేరుతాయి. అక్కడ కోట్లానుకోట్ల సూక్ష్మజీవులు వీటి కోసమే కాచుకొని ఉంటాయి. దోసెపిండి రాత్రంతా పులిసి పొంగడం చూశారు కదా! మన లోపలా జరిగేది పులియడమే. ఉదజని, బొగ్గుపులుసు వాయువు, కొందరిలో మీథేన్ పుడతాయి. పాలు పడని వాళ్ళలో పాలలోని లాక్టోజ్ చక్కెరకు కూడా ఇదే గతి పడుతుంది. పెరుగులో ఆ చక్కెర కొంత ముందే విడిపోయి ఉంటుంది గనుక అది చాలామందికి సరిపడుతుంది.

ఆరోగ్యవంతుడైన మనిషి రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా వాయువును కింది నుంచి వదులుతాడు. పదిసార్లో, ఇరవైసార్లో వదలడం మామూలే. హెడ్మాస్టరుగారైనా, సినిమా హీరో అయినా ఇంతే. దానిలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళకు పైగా వాసన లేని వాయువులు. హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి గంధకపు వాయువులు అతి స్వల్పంగా ఉంటాయి గాని, పరువు తీసేది అవే.

ఇప్పుడు మన అసలు ప్రశ్న. ఈ వాయువు గుండెలోకి ఎక్కగలదా?

రొమ్మును, కడుపును వేరుచేస్తూ గొడుగులాంటి ఒక కండరపు పొర ఉంది. దాన్ని విభాజక పటలం అంటారు. దాని పైన గుండె, ఊపిరితిత్తులు. దాని కింద జీర్ణాశయం, కాలేయం, ప్రేగులు. ఆహారవాహిక ఈ గొడుగులోని ఒక రంధ్రం గుండా కిందికి దిగుతుంది. అది నోటికీ జీర్ణాశయానికీ మధ్య గొట్టమే తప్ప దాని నుంచి గుండెలోకి తలుపు లేదు. కాబట్టి గ్యాసు బుడగలుగా గుండెలోకి పోయే దారి లేనేలేదు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. పెద్దప్రేగులో పుట్టిన ఉదజనిలో కొంత భాగం ప్రేగు గోడల గుండా రక్తంలో కరుగుతుంది. ఆ రక్తం గుండె గుండానే ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ ఉదజని ఊపిరితో బయటికి వచ్చేస్తుంది. మన శరీర కణాలు ఉదజనిని తయారు చేయవు. కాబట్టి ఊపిరిలో ఉదజని కనబడితే అది ప్రేగుల్లోని సూక్ష్మజీవుల పనే. పాలు పడుతున్నాయా లేదా తెలుసుకోవడానికి డాక్టర్లు రోగికి లాక్టోజ్ తాగించి, ఊపిరిలో ఉదజనిని కొలిచే పరీక్ష ఒకటి ఉంది. చూశారా! గ్యాసు గుండె గుండా రోజూ పోతూనే ఉంది. ఉప్పు నీళ్ళలో కరిగినట్లు రక్తంలో కరిగి, చప్పుడు లేకుండా, ఏ హానీ చేయకుండా పోతుంది.

మరి పొట్ట ఉబ్బినప్పుడు గుండె దడదడలాడినట్లు అనిపించేదేమిటి? అది భ్రమ కాదు. జీర్ణాశయం ఉబ్బితే విభాజక పటలాన్ని పైకి నెడుతుంది. గుండె ఆ పటలం మీదనే ఆని ఉంటుంది. పైగా గుండెకూ పొట్టకూ వేగస్ అనే ఒకే నాడి వెళుతుంది. లూడ్విగ్ రోమ్‌హెల్డ్ అనే జర్మను డాక్టరు 1912లో ఈ ఇబ్బందిని వర్ణించాడు. భోజనం తర్వాత ఉబ్బరం, దడ, గుండె ఒక దెబ్బ తప్పినట్లు ఉండడం దీని లక్షణాలు. గాలి బయటికి పోగానే తగ్గిపోతుంది. ఇది గుండెపోటు కాదు. గ్యాసు వల్ల గుండెపోటు రాదు.

ఇక్కడితో వ్యాసం ముగిస్తే మీరు హాయిగా నవ్వుకుంటూ పోతారు. కాని కథలో భయపడవలసిన సగం ఇప్పుడే మొదలవుతుంది. గ్యాసు వల్ల గుండెపోటు రాదు, నిజమే. కాని గుండెపోటు గ్యాసులాగా రాగలదు!

గుండె కూడా ఒక కండరమే. రోజుకు లక్ష సార్లు కొట్టుకునే ఆ కండరానికి రక్తం అందించే సన్నటి గొట్టాలను హృద్ధమనులు అంటారు. ఏళ్ళ తరబడి వాటి గోడల్లో కొవ్వు పేరుకుంటుంది. ఒకరోజు ఆ కొవ్వుముద్ద మీది పొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి, దారి మూసుకుపోతుంది. ఆ ధమని తడిపే పొలం ఎండిపోవడం మొదలవుతుంది. అరగంట దాటేసరికి కండర కణాలు చనిపోసాగుతాయి. గంటలు గడిచేకొద్దీ నష్టం పెరుగుతుంది. చచ్చిన గుండె కండరం మళ్ళీ మొలవదు.

ఈ బాధ మెదడుకు తెలియాలి గదా! చర్మం మీద చీమ కుడితే ఎక్కడ కుట్టిందో వేలుపెట్టి చూపించగలం. లోపలి అవయవాల సంగతి అలా కాదు. గుండె నుంచి, ఆహారవాహిక నుంచి, జీర్ణాశయపు పై భాగం నుంచి వచ్చే నొప్పి నాడులు వెన్నుపాములో ఇంచుమించు ఒకేచోట చేరుతాయి. ఎడమచేతి లోపలివైపు నుంచి వచ్చే నాడులూ ఆ దగ్గరే కలుస్తాయి. ఒక అపార్టుమెంటు ఊహించుకోండి. నాలుగు ఇళ్ళకూ కలిపి కింద వాచ్‌మన్ గదిలో ఒకటే గంట ఉంది. గంట మోగింది. ఏ ఇంటివాళ్ళు నొక్కారో వాచ్‌మన్‌కు ఎలా తెలుస్తుంది? రోజూ పిలిచే ఇంటివాళ్ళే అనుకొని అటే పోతాడు. మెదడూ అంతే. జీవితంలో వందసార్లు పొట్ట మంట ఎరిగినవాడికి గుండె గంట కొట్టినా పొట్టే అనిపిస్తుంది. లేదా ఎడమచెయ్యి లాగుతోందనీ, దవడ నొప్పిగా ఉందనీ అనిపిస్తుంది.

పైగా గుండె కింది భాగం విభాజక పటలాన్ని ఆనుకొని ఉంటుంది. అక్కడ పోటు వస్తే వేగస్ నాడి కదిలి వికారం, వాంతి, త్రేన్పులు కూడా వస్తాయి. అంటే రోగి "కడుపులో తిప్పుతోంది" అని చెప్పేది నిజమే. కారణమే వేరు.

మా పేటలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది. మెట్రో దిగిన కొత్తవాళ్ళు కొందరు, ఛాతీ అంటే గుండె అనుకొని, అది గుండె ఆసుపత్రి అనుకుంటారు. దానికి పేరు వచ్చింది క్షయ వంటి ఊపిరితిత్తుల జబ్బుల వైద్యానికి. ఛాతీ అనే పెట్టెలో ఊపిరితిత్తులున్నాయి, గుండె ఉంది, గుండె వెనుక ఆహారవాహిక ఉంది. ఆ చివరి రెండింటి చుట్టరికం ఎంత దగ్గరదంటే, గుండెను స్పష్టంగా చూడడానికి డాక్టర్లు ఒక్కోసారి అల్ట్రాసౌండు గొట్టాన్ని గొంతులోంచి ఆహారవాహికలోకి దింపుతారు. అక్కడినుంచి గుండె గోడకవతలి ఇల్లే!

ఇప్పుడు ఉల్లి ఎర్రగడ్డ కథ. 1955 సెప్టెంబరు 23. అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్ సెలవులో డెన్వర్ నగరంలో గోల్ఫు ఆడుతున్నాడు. మధ్యాహ్నం పచ్చి ఉల్లిపాయ ముక్కలు వేసిన హాంబర్గర్ తిన్నాడు. తర్వాత కడుపులో బాగాలేదన్నాడు. "ఉల్లిపాయ పడలేదు" అనుకున్నారు. ఆ అర్ధరాత్రి దాటాక ఛాతీలో నొప్పితో లేచాడు. ఆయన సొంత వైద్యుడు వచ్చి చూశాడు. లోకానికి మొదట చెప్పిన మాట అజీర్తి అనే! మరునాటి మధ్యాహ్నం ఇ.సి.జి. తీస్తే గాని అది గుండెపోటు అని బయటపడలేదు. ఆయన అదృష్టవంతుడు, బతికాడు. 1956లో మళ్ళీ ఎన్నికల్లో గెలిచి, 1969 దాకా జీవించాడు. పిలిస్తే పలికే వైద్యుడున్న మనిషి విషయంలోనే ఇంత పొరపాటు జరిగిందంటే, గంట గుర్తుపట్టడం ఎంత కష్టమో ఊహించండి. అంతకు ముందు కాలంలో అయితే "తీవ్రమైన అజీర్తి" వల్ల చనిపోయారని రాసిన మరణాల్లో చాలా గుండెపోట్లే. షికాగో డాక్టరు జేమ్స్ హెరిక్ 1912లో, అంటే రోమ్‌హెల్డ్ రాసిన ఏడాదే, హృద్ధమనిలో రక్తం గడ్డకట్టడాన్ని బతికున్న రోగిలో గుర్తుపట్టవచ్చునని వివరించిన తర్వాతే వైద్యుల చూపు మెల్లమెల్లగా మారింది.

నాకు ఆ అమ్మాయి ప్రశ్నకు నవ్వెందుకు రాలేదో ఇప్పుడు చెబుతాను. 2001లో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే బడిలో మాతో ఒక లెక్కల సారు ఉండేవారు. యాభై ఏళ్ళుంటాయి. ఒకరోజు మధ్యాహ్నం భోజనమైన కాసేపటికి స్టాఫ్ రూములో ఛాతీ రుద్దుకుంటూ కూర్చున్నారు. "ఏం గాదు, గ్యాసు పట్టింది. జర సోడా తెప్పియ్యిండ్రి" అన్నారు. తెప్పించాం. తాగారు. పెద్ద త్రేన్పు వచ్చింది. "ఆఁ, తగ్గింది" అన్నారు. అందరం తేలికపడ్డాం. ఫ్యాను కింద కూర్చున్నా ఆయన చొక్కా వీపంతా తడిసి ఉండడం నేను చూశాను. సైన్సు మాస్టారిని నేనే. చూసి కూడా, ఎండ అనుకొని గంట కొట్టగానే తరగతికి వెళ్ళిపోయాను. నలభై ఐదు నిమిషాల పీరియడు. తిరిగి వచ్చేసరికి ఆయన బల్ల మీద తల వాల్చి ఉన్నారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. దారిలోనే పోయారు. త్రేన్పు వచ్చింది సోడా వల్ల. అది ఆయన గుండె సంగతి ఏమీ చెప్పలేదు. ఆ సమీకరణం నేను ప్రతి ఏడూ బోర్డు మీద రాస్తూనే ఉన్నాను, కాని ఆ రోజు నాకు గుర్తు రాలేదు.

అందుకే ఈ గుర్తులు మీ నోటుపుస్తకంలో రాసుకోండి. గ్యాసు లేక ఆమ్లపు మంట సాధారణంగా పడుకుంటేనో, వంగితేనో ఎక్కువవుతుంది. నోట్లోకి పుల్లటి నీళ్ళు వస్తాయి. నొప్పి చోటు మారుతూ ఉంటుంది. గాలి పోతే తగ్గుతుంది. గుండెపోటు సాధారణంగా ఛాతీ మధ్యలో బండ పెట్టినట్లు, పిండినట్లు ఉంటుంది. ఎడమచేతికో, రెండు చేతులకో, మెడకో, దవడకో, వీపుకో పాకుతుంది. చల్లటి చెమట, ఆయాసం, వికారం, కళ్ళు తిరగడం తోడవుతాయి. మెట్లెక్కితే నొప్పి పెరుగుతుంది. ఇవి పుస్తకంలోని గుర్తులు. మనుషులు పుస్తకం చూసి జబ్బుపడరు గదా! చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళలో, ముసలివాళ్ళలో, ఆడవాళ్ళలో నొప్పి స్పష్టంగా లేకుండా ఉత్త ఆయాసం, నీరసం, కడుపు తిప్పడంతోనే గుండెపోటు రావచ్చు. కనుక ఇంట్లో కూర్చుని ఇది పొట్టదా, గుండెదా అని తీర్పు చెప్పే పని మనది కాదు. అది ఇ.సి.జి. యంత్రం, రక్తపరీక్ష చెప్పాలి. మొదటి ఇ.సి.జి. మామూలుగా ఉన్నా, అనుమానం ఉంటే డాక్టర్లు మళ్ళీ తీస్తారు.

పెద్దవాళ్ళకు ఇటువంటి నొప్పి వచ్చి నిమిషాల్లో తగ్గకపోతే, లేక చెమట పట్టి ఆయాసపడుతుంటే 108కి ఫోను చేయండి. లెక్కల సారు రోజుల్లో అది లేదు. 2005 ఆగస్టు 15న మన హైదరాబాదు కేంద్రంగానే ఆ సేవ మొదలైంది. ఫోను చేయడానికి పదవ తరగతి పాసవనక్కర లేదు. ఇల్లు ఎక్కడుందో, దగ్గరి గుర్తేమిటో స్పష్టంగా చెప్పండి. రోగిని కూర్చోబెట్టండి, నడిపించకండి. "స్కూటరు మీద నేనే పోతా" అంటే పోనివ్వకండి. వీధి తలుపు తెరిచి ఉంచండి. ఏ మాత్రలు వేయాలో ఫోనులో వాళ్ళే చెబుతారు, మీరు సొంత వైద్యం చేయకండి. మీ వయసువాళ్ళకు ఛాతీలో పొడిస్తే అది చాలావరకు గుండెది కాదు. అయినా ఇంట్లో చెప్పండి, దాచుకోకండి.

పొట్టకూ గుండెకూ ఇంకా కొన్ని లావాదేవీలున్నాయి. కడుపునిండా తిన్నాక జీర్ణావయవాలకు ఎక్కువ రక్తం కావాలి. గుండె ఎక్కువ పని చేయాలి. ధమనులు బాగున్నవాడికి ఇది లెక్కలోది కాదు. ధమనులు ఇరుకైనవాడికి మాత్రం తిని నడవగానే ఛాతీ పట్టేస్తుంది. ఇంగ్లండులో విలియం హెబర్డెన్ ఈ నొప్పిని వర్ణిస్తూ, ఎత్తు ఎక్కుతున్నప్పుడూ భోజనమైన వెంటనే నడిచినప్పుడూ వస్తుందని 1768లోనే గమనించాడు. భోజనానికీ నొప్పికీ ముడిపడి ఉన్నంత మాత్రాన అది గ్యాసు అయిపోదన్నమాట.

రోజూ సోడాపొడి తాగేవాళ్ళ ఇంట్లో ఇంకో లెక్క చెప్పండి. 84 గ్రాముల వంటసోడాలో 23 గ్రాములు సోడియం. చెంచాడులో దాదాపు 1.4 గ్రాములు. పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 2 గ్రాములకు లోపు సోడియం చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక్క చెంచాతోనే మూడింట రెండు వంతులు అయిపోయింది! పచ్చడి, అప్పడం ఇంకా రానేలేదు. సోడియం ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది, రక్తపోటు గుండెకు భారం. గ్యాసు గుండెకు ఎక్కదు గాని, గ్యాసు మందు ఎక్కగలదు.

ఇదంతా విని "అయితే పప్పులూ ఉల్లిపాయలూ మానేద్దాం" అనకండి. పెద్దప్రేగులో ఆ సూక్ష్మజీవులు పీచును పులియబెట్టినప్పుడు గ్యాసుతో పాటు ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ అనే చిన్న ఆమ్లాలూ పుడతాయి. బ్యూటిరిక్ ఆమ్లం పెద్దప్రేగు గోడ కణాలకు ముఖ్యాహారం. నీటిలో నానే పీచు ఇంకో మేలు చేస్తుంది. కాలేయం కొలెస్టరాల్‌తో పైత్యరస లవణాలను తయారు చేస్తుంది. పీచు వాటిలో కొన్నింటిని పట్టుకొని బయటికి లాక్కుపోతుంది. కాలేయం కొత్త లవణాల కోసం రక్తంలోని కొలెస్టరాల్‌ను తీసుకుంటుంది. రక్తంలో అది తగ్గితే హృద్ధమనుల గోడల్లో పేరుకునేదీ తగ్గుతుంది. అంటే గ్యాసు చేస్తాయని మనం తిట్టే అలసందలు, శనగలు, చిక్కుళ్ళు గుండెకు చుట్టాలే! మా ఎర్రగడ్డ రైతుబజారులో చిక్కుడుకాయలు బేరమాడుతూ "గ్యాసు కదయ్యా" అని ముఖం చిట్లించే పెద్దలు కనబడితే నాకు ఈ లెక్క చెప్పాలనిపిస్తుంది.

పప్పుగింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మెత్తగా ఉడికిస్తే రాఫినోజ్ జాతి చక్కెరలు కొంత తగ్గుతాయి. మొలకెత్తిస్తే ఇంకా తగ్గుతాయి. మొక్క పిల్ల తన ఎదుగుదల కోసం ఆ చక్కెరలను తానే తినేస్తుంది. అలవాటు లేనివాళ్ళు ఒక్కసారిగా గిన్నెడు తినకుండా కొద్దికొద్దిగా పెంచుకుంటే లోపలి సూక్ష్మజీవులూ సర్దుకుంటాయి.

ఆ అమ్మాయి నాయనమ్మ సంగతి అడగలేదేం? వాళ్ళ నాన్నగారు ఆ సాయంత్రమే తీసుకుపోయారు. ఇ.సి.జి. రెండుసార్లు తీశారు, రక్తపరీక్ష చేశారు. గుండె బాగుంది. ఆమెది నిజంగానే ఆమ్లపు మంట. "ఉత్తపుణ్యానికి డబ్బులు వదిలించాడు మీ సారు" అని నాయనమ్మ నన్ను ఒక మాట అన్నదట. ఆ మాట పడడానికి నాకేమీ కష్టం కాలేదు.

మరునాడు ఆ అమ్మాయి ఇ.సి.జి. కాగితం బడికి తెచ్చింది. దానిమీద సన్న గళ్ళు, ఐదు సన్న గళ్ళకు ఒక పెద్ద గడి. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది. సన్న గడి వెడల్పు ఒక మిల్లీమీటరు. అంటే పెద్ద గడి దాటడానికి సెకనులో ఐదవ వంతు పడుతుంది, నిమిషానికి 300 పెద్ద గళ్ళు. ఒక ఎత్తైన గీత నుంచి పక్క గీతకు ఎన్ని పెద్ద గళ్ళున్నాయో లెక్కపెట్టి, 300ను దానితో భాగిస్తే నాడి వేగం వస్తుంది. పిల్లలంతా బల్ల చుట్టూ మూగారు. ఒకడు స్కేలు పెట్టి కొలిచాడు. నాలుగు గళ్ళు. "డెబ్బై ఐదు సార్!" అని అరిచారు.